ఓడిపోవడానికి వీలున్న ఆట

(శ్రీకాకుళంలో జరిగిన ఫుట్‌బాల్ అభిమానుల సమావేశంలో ఒక విశ్రాంత వ్యాయామోపాధ్యాయుడు చేసిన ప్రసంగ పాఠం)

సభాధ్యక్షులకూ, పెద్దలకూ, పనులు మానుకుని వచ్చిన తల్లిదండ్రులకూ, ఈ సమావేశాన్ని తలపెట్టిన తమ్ముళ్లకూ చెల్లెళ్లకూ నమస్కారం.

నన్ను మాట్లాడమన్న అంశం మీ మధ్య చాలాకాలంగా నలుగుతున్నదే. ఏ కప్పు కోసమూ కాకుండా, ఏ టోర్నమెంటుకు అర్హత కోసమూ కాకుండా రెండు దేశాల జట్లు ఆడుకునే ఫ్రెండ్లీ మ్యాచ్‌కు విలువ ఉందా, లేదా? 2024 నవంబరు 18న హైదరాబాదు గచ్చిబౌలిలో భారత్, మలేషియా జట్లు ఆడిన ఆట చూడడానికి మన జిల్లా నుంచి కొందరు కుర్రాళ్లు శ్రీకాకుళం రోడ్డు స్టేషన్లో రైలెక్కి వెళ్లారు. ఆట 1-1తో ముగిసింది. వాళ్లు తిరిగి వచ్చినప్పటి నుంచి ఏడు రోడ్ల జంక్షన్ దగ్గరా, కోడి రామ్మూర్తి స్టేడియం దగ్గరా మొదలైన వాదన ఇప్పటికీ తెగలేదు.

ఒక పక్షం వారు అనేది ఇది: ఈ ఆటలో గెలిస్తే వచ్చేది లేదు, ఓడితే పోయేది లేదు, పేరున్న ఆటగాళ్లు దెబ్బ తగలకుండా కాళ్లు కాపాడుకుంటూ ఆడతారు, కోచ్ తన ఇష్టం వచ్చినట్టు ఆటగాళ్లను మారుస్తాడు, రైలు చార్జీలు, టికెట్ డబ్బులు పెట్టుకుని వెళ్లి మేము చూసి వచ్చేది చివరికి ప్రాక్టీసేనా? రెండో పక్షం వారు అనేది ఇది: దేశం జెర్సీ వేసుకుని, జాతీయగీతం పాడి మైదానంలోకి దిగిన తరువాత అన్ని ఆటలూ ఒకటే, ఫ్రెండ్లీ అయినా, ఆసియా కప్ అయినా గెలవడానికే ఆడాలి, గెలవకపోతే తప్పు పట్టాలి.

రెండు మాటల్లోనూ పస ఉంది. అయితే రెండు పక్షాల వారూ ఆటను ఫలితం వైపు నుంచే చూస్తున్నారని నాకనిపిస్తుంది. ఎవరితో ఆడుతున్నాం, ఎక్కడ ఆడుతున్నాం, ఏ పోటీకి ముందు ఆడుతున్నాం, ఏ సంగతి తేల్చుకోవడానికి ఆడుతున్నాం అన్నవి ఖరారు చేసుకున్న రోజునే ఫ్రెండ్లీ మ్యాచ్ విలువ చాలావరకు నిర్ణయమైపోతుంది. దేశాల మధ్య జరిగే ఆటల్లో ఓడిపోవడానికి వీలున్నది ఇదొక్కటే. ఆ వీలును వృథా చేసుకునే దేశాన్ని గురించి, ముఖ్యంగా మన దేశాన్ని గురించి, నాకు బాధ ఉంది. ఆ బాధనే ఈ సాయంత్రం మీతో పంచుకోవాలని వచ్చాను.

ముందుగా ఒక పాత సంగతి. అంతర్జాతీయ ఫుట్‌బాల్ పుట్టిందే ఇలాంటి ఆటతో. 1872 నవంబరు 30న గ్లాస్గోలో స్కాట్లండ్, ఇంగ్లండ్ జట్లు ఆడిన ఆట వెనుక కప్పు లేదు, పాయింట్లు లేవు. స్కాట్లండ్ తరఫున దిగిన పదకొండు మందీ క్వీన్స్ పార్క్ అనే ఒకే క్లబ్బువారు. గోల్ లేకుండా 0-0తో ముగిసిన ఆ ఆటను చూసి ఇది పనికిమాలిన పని అని ఆ రోజునే మానేసి ఉంటే, ఇప్పుడు మనం వాదించుకోవడానికి ప్రపంచకప్ అనేదే ఉండేది కాదు.

ఇక మన సంగతికి వస్తాను. భారత జట్టు చరిత్రలో అతి పెద్ద ఓటమి ఏది అని ఈ పిల్లలను అడిగితే చాలామంది 1952 హెల్సింకి ఒలింపిక్స్‌లో యుగోస్లావియా చేతిలో 10-1తో ఓడిన ఆట అంటారు. దానికన్నా పెద్దది ఇంకొకటి ఉంది. 1955 సెప్టెంబరు 16న మాస్కోలో సోవియట్ యూనియన్ జట్టు మన మీద 11-1తో గెలిచింది. అది ఒక ఫ్రెండ్లీ మ్యాచ్. అప్పటి మన కోచ్ సయ్యద్ అబ్దుల్ రహీం. హైదరాబాదు వారు, బడి పంతులు. ఈ వృత్తిలో బతికినవాణ్ణి కాబట్టి ఆ మాట చెప్పేటప్పుడు నాకు కొంచెం గర్వంగా ఉంటుంది, మీరు మన్నించాలి.

పదకొండు గోల్స్ తిన్న జట్టు మరుసటి ఏడాది ఏం చేసిందో చూడండి. 1956 డిసెంబరు 1న మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌లో ఆతిథ్య దేశమైన ఆస్ట్రేలియాను 4-2తో ఓడించింది. నెవిల్ డిసౌజా ఆ ఆటలో హ్యాట్రిక్ కొట్టాడు. సెమీఫైనల్లో యుగోస్లావియా చేతిలో 4-1తో, మూడో స్థానం కోసం జరిగిన ఆటలో బల్గేరియా చేతిలో 3-0తో ఓడి నాలుగో స్థానంలో నిలిచింది. ఒలింపిక్ ఫుట్‌బాల్‌లో మనం అందుకున్న అత్యున్నత స్థానం నేటికీ అదే. మాస్కోలో మనల్ని చిత్తుగా ఓడించిన సోవియట్ జట్టు అదే ఒలింపిక్స్‌లో స్వర్ణం గెలిచింది. మాస్కో ఓటమి వల్లనే మెల్‌బోర్న్‌లో ఆ ఆట వచ్చిందని నేను అనను. ఒక ఆటకూ ఇంకొక ఆటకూ మధ్య అంత తిన్నని దారి ఉండదు. కానీ ప్రపంచంలో అందరికన్నా బాగా ఆడగలిగిన జట్టుకు ఎదురు నిలబడి, ఆ వేగం ఎంతో, ఆ పాసు ఎంత దూరం నుంచి వస్తుందో తమ కాళ్లతో తెలుసుకున్న వాళ్లకు ఆస్ట్రేలియా కొత్త భయం కలిగించలేదని మాత్రం అనగలను. అలాంటి ఆటకు వెళ్లి అంత తేడాతో ఓడి రావడానికి ఈ రోజు మన దేశపు ఫుట్‌బాల్ సమాఖ్య సిద్ధపడుతుందా? అభిమానులం మనం ఊరుకుంటామా? ఆ మర్నాడే కోచ్‌ను మార్చమని గొంతు చించుకోమా?

ఓటమి నుంచి ఏం తీసుకోవాలో చెప్పే ఆట ఇంకొకటి ఉంది. ప్రపంచ ఫుట్‌బాల్‌లో దానంతగా చర్చకు వచ్చిన ఫ్రెండ్లీ మరొకటి లేదని నా నమ్మకం. 1953 నవంబరు 25న లండన్ వెంబ్లీలో ఇంగ్లండ్ మీద హంగరీ 6-3తో గెలిచింది. బ్రిటిష్ దీవుల బయటి జట్టు ఏదీ అంతవరకు ఇంగ్లండ్‌ను వాళ్ల గడ్డమీద ఓడించలేదు. హంగరీ అప్పటికే ఒలింపిక్ విజేత. లక్షమందికి పైగా జనం ఉన్న మైదానంలో మొదటి నిమిషంలోనే హంగరీ ఆటగాడు హిడెగ్‌కుటి గోల్ కొట్టాడు.

ఆ ఆటలో ఒక్క చిక్కును దగ్గరగా చూడాలి. హిడెగ్‌కుటి జెర్సీ మీద ఉన్నది తొమ్మిదో నంబరు. ఆ రోజుల్లో తొమ్మిది వేసుకున్నవాడు ప్రత్యర్థి గోలు ముందు నిలబడాలి, అతన్ని సెంటర్ హాఫ్, అంటే రక్షణ వరుస మధ్యలో నిలబడేవాడు, అంటిపెట్టుకుని కాయాలి. ఇంగ్లండ్ సెంటర్ హాఫ్ హ్యారీ జాన్‌స్టన్ ఆ లెక్క ప్రకారమే దిగాడు. కానీ హిడెగ్‌కుటి ముందు నిలబడకుండా వెనక్కి, మైదానం మధ్యకు జారిపోయాడు. జాన్‌స్టన్ అతని వెంట వెళితే వెనుక ఖాళీ ఏర్పడి అందులోకి హంగరీ దాడి ఆటగాళ్లు పుష్కాష్, కోచిష్ చొరబడుతున్నారు. వెళ్లకుండా ఉన్నచోటనే ఉంటే హిడెగ్‌కుటి చేతిలో బోలెడు సమయం, కాళ్ల దగ్గర బంతి. ఎటు కదిలినా తప్పే. తొంభై నిమిషాల్లో ఆ చిక్కు విడలేదు. హిడెగ్‌కుటి హ్యాట్రిక్ పూర్తి చేశాడు. ఆరు నెలలు గడిచాక, 1954 మే 23న ఇంగ్లండ్ బుడాపెస్ట్ వెళ్లి మళ్లీ ఆడింది. ఈసారి 7-1తో ఓడింది.

ఆ రెండు ఆటల్లో ఎవరికీ కప్పు రాలేదు. ఎవరి పాయింట్లూ పెరగలేదు. అయినా ఆ ఓటముల తరువాత ఇంగ్లండ్‌లో శిక్షణ ఇచ్చే పద్ధతి గురించి, ఆటగాళ్లను నిలబెట్టే తీరు గురించి ఏళ్ల తరబడి చర్చ జరిగింది. వెంబ్లీలో ఆ రోజు ఇంగ్లండ్ రైట్ బ్యాక్‌గా, అంటే కుడివైపు రక్షకుడిగా ఆడి, పెనాల్టీ ద్వారా ఒక గోల్ కొట్టిన ఆల్ఫ్ రామ్‌సే, 1966లో ప్రపంచకప్ గెలిచిన ఇంగ్లండ్ జట్టుకు మేనేజరు. హంగరీ వైపు చూస్తే కథ ఇంకోలా ఉంటుంది: ఇంగ్లండ్‌ను రెండుసార్లు చిత్తు చేసిన ఆ జట్టే 1954 ప్రపంచకప్ ఫైనల్లో పశ్చిమ జర్మనీ చేతిలో 3-2తో ఓడింది. కాబట్టి ఫ్రెండ్లీలో గెలిచినవాడికి ఆ గెలుపు ఏ హామీ ఇవ్వదు. ఓడినవాడికి మాత్రం, చూసే కళ్లుంటే, ఎక్కడ చిల్లు పడిందో చూపిస్తుంది.

పదో తరగతి పిల్లలకు పబ్లిక్ పరీక్షలకు ముందు ప్రీఫైనల్ పెడతాం కదా. అందులో వచ్చిన మార్కులు మెమోలో ఎక్కవు. తేలిక ప్రశ్నపత్రం ఇచ్చి పిల్లవాడికి తొంభై మార్కులు వేసి ఇంటికి పంపితే తల్లిదండ్రులు సంతోషిస్తారు; ఫలితం వచ్చిన రోజున ఏడుస్తారు. కఠినమైన పత్రం ఇచ్చి, వచ్చిన నలభై మార్కులను ముందు పెట్టుకుని ఏ పాఠం రాలేదో కూర్చుని చెప్పే ఉపాధ్యాయుడు ఆ పిల్లవాడికి మేలు చేసినట్టు.

ఈ తేలిక ప్రశ్నపత్రం సంగతి మన జట్టు విషయంలో 2025 మార్చిలో జరిగింది. మార్చి 19న షిల్లాంగ్‌లో మాల్దీవులతో ఫ్రెండ్లీ ఆడి 3-0తో గెలిచాం. రిటైరైన సునీల్ ఛెత్రీ తిరిగి వచ్చి గోల్ కొట్టాడు. 2024లో ఒక్క ఆట కూడా గెలవని జట్టుకు ఆ గెలుపు ఊరట ఇచ్చిన మాట నిజం. ఆ ఊరటకు విలువ లేదని నేననను. కానీ ఆరు రోజుల తరువాత అదే మైదానంలో ఆసియా కప్ అర్హత పోటీలో బంగ్లాదేశ్ వచ్చి నిలబడితే గోల్ కొట్టలేక 0-0తో సరిపెట్టుకున్నాం. మాల్దీవులతో ఆడిన ఆటలో మన రక్షణ వరుసను గట్టిగా పరీక్షించినవారు లేరు, మన మధ్య వరుస మీద ఒత్తిడి పెట్టినవారు లేరు. బంగ్లాదేశ్ ఆ ఒత్తిడి పెట్టగానే పాసులు తడబడ్డాయి.

జూన్‌లో మాత్రం సమాఖ్య ఎంపిక బాగుంది. జూన్ 4న థాయ్‌లండ్ వెళ్లి ఆడి 2-0తో ఓడాం. బయటి గడ్డ, మనకన్నా మెరుగైన జట్టు, అర్హత పోటీకి ఆరు రోజుల ముందు, కోరదగిన ఆటే. అయితే హెచ్చరిక వినపడడానికీ, దాన్ని సరిదిద్దుకోవడానికీ ఆరు రోజులు చాలవు. జూన్ 10న హాంకాంగ్ చేతిలో 1-0తో ఓడాం. అక్టోబరులో గోవాలో సింగపూర్ చేతిలో 2-1తో ఓడి 2027 ఆసియా కప్ అవకాశం పోగొట్టుకున్నాం. థాయ్‌లండ్ లాంటి ఆట ఒకటి కాదు, ఏడాది ముందు నుంచీ వరుసగా నాలుగైదు ఉండి ఉంటే ఏమయ్యేదో ఊహించి చెప్పడం నా పని కాదు. అలా ఆడని సంగతి మాత్రం కళ్ల ముందు ఉంది.

ఎందుకు ఊహించలేనో, ఎందుకు ఆశపడుతున్నానో చెప్పడానికి 2018ని గుర్తు చేస్తాను. 2019 జనవరిలో ఆసియా కప్ ఉంది. దానికి ముందు 2018 అక్టోబరు 13న మన జట్టు చైనాలోని సుజౌ వెళ్లి ఆడింది. ఆ రెండు దేశాల సీనియర్ జట్లు అంతకు ముందు ఇరవై ఏళ్లకు పైగా తలపడలేదు. చైనా మనకన్నా చాలా పైనున్న జట్టు. వాళ్లు ఎన్నిసార్లు మన గోలు మీదికి వచ్చినా, సందేశ్ ఝింగన్ నాయకత్వంలో మన రక్షణ వరుస, గోలు దగ్గర గురుప్రీత్ సింగ్ సంధూ నిలబడ్డారు. 0-0. నవంబరులో జోర్డాన్ వెళ్లి 2-1తో ఓడారు. డిసెంబరులో ఒమన్‌తో 0-0. ఈ మూడింటిలో గెలుపు ఒక్కటి లేదు; మనలో ఎవరూ వీధుల్లో టపాకాయలు కాల్చలేదు. కానీ 2019 జనవరి 6న ఆసియా కప్ మొదటి ఆటలో అదే జట్టు థాయ్‌లండ్‌ను 4-1తో ఓడించింది. మెరుగైన జట్లు మీదికి వచ్చినప్పుడు వెనక్కి తగ్గి నిలబడడం, ఖాళీ దొరకగానే ముందుకు దూకడం అలవాటైన జట్టులా ఆడింది. తరువాతి రెండు ఆటలు ఓడి ఇంటికి వచ్చిన మాట కూడా నిజమే, దాన్ని దాచనక్కరలేదు. సన్నాహం ఎలా ఉండాలో ఆ మూడు నెలలు చూపించాయి.

ఇప్పుడు గచ్చిబౌలి ఆటకు తిరిగి వద్దాం. వెళ్లివచ్చిన మన కుర్రాళ్లలో ఎక్కువమందికి గుర్తున్నది గురుప్రీత్ చేసిన పొరపాటు. పందొమ్మిదో నిమిషంలో మలేషియావాళ్లు కొట్టిన పొడవాటి బంతికి అతను బాక్సు వదిలి ముందుకు వచ్చాడు, బంతి ఎగిరే తీరును తప్పుగా అంచనా వేశాడు, పావులో జోసూ ఖాళీ గోలులోకి నెట్టేశాడు. రాహుల్ భేకే కార్నర్ నుంచి తలతో కొట్టి స్కోరు సమం చేశాడు. ఇది చూసి వచ్చి, ఇంత దూరం వెళ్లి దీనికోసమా అని విసుక్కున్నవారికి నేను వేసే ప్రశ్న ఒకటే. ఆ పొరపాటు ఎక్కడ జరగాలని మీరు కోరుకుంటారు? హైదరాబాదులో, పోయేదేమీ లేని రోజునా? అర్హత పోటీలో, మళ్లీ అవకాశం లేని రోజునా?

ఆ ఆటలోనే ఇంకొక సంగతి ఉంది, దాన్ని తక్కువమంది గమనించారు. 2024 జనవరిలో ఆసియా కప్‌లో మోకాలికి దెబ్బ తగిలి ఆటకు దూరమైన ఝింగన్ జాతీయ జట్టులోకి తిరిగి వచ్చింది ఆ రోజే. దాదాపు పది నెలల తరువాత ఒక రక్షకుడు పూర్తి వేగంతో పరుగెత్తగలడా, పడితే లేవగలడా అన్నది శిబిరంలో సొంత సహచరుల మధ్య తేలదు. ఎదుటివాడు నిజంగా గెలవాలని వచ్చినప్పుడే తేలుతుంది. అది తేల్చుకోవడానికి ఫ్రెండ్లీ తప్ప వేరే చోటు లేదు. కాబట్టి ఆ ఆటను వృథా అనను. అయితే అభ్యంతరం నాకూ ఉంది. బలంలో మనకు సమానమైన జట్టును మన ఇంటికే పిలిపించి ఆడించడం కన్నా, కౌలాలంపూర్‌కో, ఇంకా కఠినమైన చోటుకో వెళ్లి ఉంటే ఆ తొంభై నిమిషాల నుంచి ఇంకా ఎక్కువ రాబట్టేవాళ్లం.

ర్యాంకింగు సంగతి చాలామంది పొరపాటుగా అర్థం చేసుకుంటున్నారు కాబట్టి కొంచెం విడమరచి చెప్పాలి. 2018 ఆగస్టు నుంచి ప్రపంచ ఫుట్‌బాల్ సమాఖ్య ఫిఫా దేశాల జట్ల ర్యాంకులకు కొత్త లెక్క పెట్టింది. ప్రతి ఆటకూ దాని స్థాయిని బట్టి ఒక అంకె ఉంటుంది. ఫిఫా కేటాయించిన అంతర్జాతీయ రోజుల్లో ఆడే ఫ్రెండ్లీకి 10. ఆ రోజులకు బయట ఆడే ఫ్రెండ్లీకి 5. అర్హత పోటీలకు 25. ప్రపంచకప్ క్వార్టర్ ఫైనల్ నుంచి ఆపై ఆటలకు 60. ఎదుటి జట్టు బలాన్ని బట్టి మనం గెలవడానికి ఎంత అవకాశం ఉందో లెక్కగట్టి, వచ్చిన ఫలితంలోంచి ఆ అవకాశాన్ని తీసివేసి, మిగిలినదాన్ని ఈ అంకెతో హెచ్చిస్తారు. సమాన బలం ఉన్న జట్టు మీద ఫ్రెండ్లీ గెలిస్తే 5 పాయింట్లు వస్తాయి, అర్హత పోటీ గెలిస్తే 12.5. డ్రా అయితే ఏమీ రాదు, ఏమీ పోదు. మలేషియా ఆటలో మన లెక్క దాదాపు అలాగే అయింది.

ఇప్పుడు మనకన్నా 300 పాయింట్లు ఎక్కువ ఉన్న జట్టుతో ఫ్రెండ్లీ ఆడామనుకోండి. ఓడితే పోయేది రమారమి 2.4 పాయింట్లు. డ్రా చేస్తే 2.6 వస్తాయి. గెలిస్తే 7.6. అదే మనకన్నా 300 తక్కువ ఉన్న జట్టుతో ఆడితే గెలిచినా 2.4 మాత్రమే వస్తాయి. డ్రా అయితే 2.6, ఓడితే 7.6 పోతాయి. తమ్ముళ్లూ, ఈ లెక్కను కాగితం మీద ఒకసారి వేసి చూడండి. బలహీనులను పిలిచి గెలవడం వల్ల ర్యాంకు పెరుగుతుందన్న మాటలో పస ఎంతో తెలుస్తుంది. పెద్ద జట్టుతో ఆడి ఓడితే ర్యాంకు కుప్పకూలుతుందన్న భయానికి ఈ లెక్కలో ఆధారం లేదు.

పాత లెక్కలో మాత్రం ఆ భయానికి ఆధారం ఉండేది. అప్పుడు సగటు తీసేవారు, ఫ్రెండ్లీ బరువు అన్నిటికన్నా తక్కువ. దానితో ఫ్రెండ్లీ ఆడితే గెలిచినా సగటు పడిపోయే పరిస్థితి వచ్చేది. పోలండ్ దాన్ని పసిగట్టి, 2018 ప్రపంచకప్‌లో ఏ జట్టు ఏ గ్రూపులో ఆడాలో చీటీలతో తేల్చే డ్రాకు ముందు దాదాపు ఏడాదిపాటు ఫ్రెండ్లీలకు దూరంగా ఉంది. ఆ డ్రాలో పై ర్యాంకు జట్లను ఉంచే మొదటి కుండలో చోటు సంపాదించుకుంది. స్పెయిన్ రెండో కుండలో మిగిలింది. తీరా రష్యాలో పోలండ్ తన గ్రూపులో చివరి స్థానంలో నిలిచింది. ఎత్తుగడ పారింది కానీ జట్టు సిద్ధంగా లేదు. ఫిఫా లెక్క మార్చడం మంచిపనే అయింది.

గాయాల మాట ఒకటుంది. క్లబ్బులు జీతం ఇచ్చి పోషించిన ఆటగాడు పాయింట్లు లేని ఆటలో కాలు విరగ్గొట్టుకుంటే ఎవరిది బాధ్యత అని అడుగుతారు. న్యాయమైన ప్రశ్నే. 2012 నుంచి జాతీయ జట్టు ఆటల్లో గాయపడినవారి జీతం విషయంలో క్లబ్బులకు ఫిఫా పరిహారం ఇచ్చే ఏర్పాటు ఉంది. అది డబ్బు లోటును కొంత తీరుస్తుంది, ఆటగాడి ఏడాదిని తిరిగి ఇవ్వదు. అందుకే ఊరికే ఆడే ఫ్రెండ్లీ ఉండకూడదని నేనంటున్నది.

2011 సెప్టెంబరు 2న కోల్‌కతా సాల్ట్ లేక్ స్టేడియంలో అర్జెంటీనా, వెనిజులా ఆడాయి. మెస్సీ కొట్టిన కార్నర్‌కు ఒటమెండి తల ఆనించి గోల్ చేశాడు. అర్జెంటీనా 1-0తో గెలిచింది. కొత్త కోచ్ సబెయాకు అది మొదటి ఆట, మెస్సీకి జట్టు పగ్గాలు అప్పగించి చూసుకున్నారు. మూడేళ్లలో అదే కోచ్, అదే నాయకుడు 2014 ప్రపంచకప్ ఫైనల్‌కు చేరారు. అంటే మన గడ్డమీద జరిగిన ఫ్రెండ్లీ నుంచి విలువను అర్జెంటీనా తీసుకుపోయింది. మనకు మిగిలింది కళ్లారా చూసిన ఆనందం. ఆ ఆనందాన్ని నేను తక్కువ చేయను, ఒక పిల్లవాడు ఆటలోకి రావడానికి అది చాలు. అయితే 2025 నవంబరులో అర్జెంటీనా కేరళకు వస్తుందని నెలల తరబడి మాట్లాడుకున్నప్పుడు, చివరికి ఆ ఆట జరగనప్పుడు మనం పడిన నిరాశలో పదో వంతు కూడా మన జట్టు ఏ దేశంతో ఆడబోతోందన్న విషయంలో పడలేదు. ఇది నాకు కష్టంగా ఉంది.

అభిమానులు రాకపోతే ఆటకు విలువ ఎలా వస్తుందని అడిగినవారికి 2018 జూన్ చాలు. ముంబయిలో జరిగిన నాలుగు దేశాల టోర్నీలో చైనీస్ తైపీ మీద 5-0తో గెలిచిన ఆటకు వచ్చినవారు 2,569 మంది. మమ్మల్ని విమర్శించండి, తిట్టండి, కానీ స్టేడియానికి వచ్చి చూడండి అని ఛెత్రీ వీడియోలో చేతులు జోడించాడు. తరువాత కెన్యాతో ఆడిన ఆటకు, అది అతని నూరో ఆట, టికెట్లన్నీ అమ్ముడైపోయాయి. తిట్టే హక్కును అతనే ఇచ్చాడు. దాన్ని స్కోరు మీద కాకుండా ప్రత్యర్థి ఎంపిక మీద వాడితే సమాఖ్యకు వినబడుతుంది.

మంచి ప్రత్యర్థి దొరకడం కూడా తేలిక కాదు, అది ఒప్పుకోవాలి. 2018 సెప్టెంబరులో యూరోపు దేశాల జట్ల మధ్య నేషన్స్ లీగ్ అనే పోటీ మొదలైన తరువాత ఆ దేశాలు ఫ్రెండ్లీల రోజుల్లో తమలో తామే ఆడుకుంటున్నాయి. 2024 మార్చిలో ఫిఫా వేర్వేరు ఖండాల జట్లను కలిపి ఫ్రెండ్లీలు ఏర్పాటు చేసింది. పొరుగున శ్రీలంకలో భూటాన్, పాపువా న్యూగినీ, సెంట్రల్ ఆఫ్రికన్ రిపబ్లిక్ వచ్చి ఆడాయి. 2026 నుంచి సెప్టెంబరు, అక్టోబరు విరామాలను కలిపి నాలుగు ఆటలకు వీలుండే ఒకే పొడవైన విరామం చేస్తున్నారు. ఒకే ప్రయాణంలో పశ్చిమాసియాలోనో, మధ్య ఆసియాలోనో బలమైన జట్లతో వరుసగా ఆడి రావడానికి అది మనకు బాగా కలిసివస్తుంది.

మనకన్నా చిన్నవాళ్లు ఈ సంగతి ముందే గ్రహించారు. 2002 జూన్ 30న, జపాన్‌లో ప్రపంచకప్ ఫైనల్ జరిగిన రోజునే, ర్యాంకింగుల్లో అట్టడుగున ఉన్న భూటాన్, కరీబియన్ దీవి మాంట్సెరాట్ థింపూలో ఫ్రెండ్లీ ఆడాయి. భూటాన్ 4-0తో గెలిచింది. ఆడడానికి ఎవరూ పిలవని దేశాలకు ఫ్రెండ్లీయే ప్రపంచకప్. 2015లో ప్రపంచకప్ అర్హత పోటీలో అదే భూటాన్ శ్రీలంకను రెండు ఆటల్లోనూ ఓడించింది.

చివరిగా మన జిల్లా పిల్లల గురించి. నేను పనిచేసిన రోజుల్లో మా హైస్కూలు జట్టును ఒకసారి కాలేజీ కుర్రాళ్లతో ఆడించాను. మా రైట్ బ్యాక్ తొమ్మిదో తరగతి పిల్లవాడు. ఎదుటి వింగర్, అంచు వెంట దూసుకొచ్చే ఆటగాడు, ఫస్టాఫ్ అంతా అతన్ని దాటుకుని పోతూనే ఉన్నాడు. విరామంలో ఆ అబ్బాయి నా దగ్గరకొచ్చి, "మాస్టారూ, ఆ అన్న బంతి రాకముందే లోపలికి ఒకసారి చూస్తన్నాడండీ. అలా చూసాడంటే లోపలికే తిరుగుతాడండీ" అన్నాడు. సెకండాఫ్‌లో రెండుసార్లు బంతి లాక్కున్నాడు. ఆట ఓడిపోయాం. ఆ చూపును కనిపెట్టడం నేను ఏ గ్రౌండులోనూ, ఎన్ని విజిల్స్ ఊదినా, నేర్పగలిగేవాణ్ణి కాదు.

ఈ ఏడాది స్కూల్ గేమ్స్‌కు జిల్లా జట్టు ఎంపికైన తరువాత, రాష్ట్ర పోటీలకు బయలుదేరేలోపు, పక్క మండలం జట్టుతో ఆడించి ఏడు గోల్స్ కొట్టించి పంపే పద్ధతి మానేద్దాం. విశాఖలో రైల్వే ఉద్యోగుల్లోనూ, నౌకాదళంలోనూ బాగా ఆడేవాళ్లు ఉన్నారు. వాళ్లను అడిగి, మన పిల్లలను అక్కడికి తీసుకువెళ్లి, వాళ్ల మైదానంలోనే రెండు ఆటలు ఆడిద్దాం. బస్సు ఖర్చుకు ముందుకు రాగలిగినవారు సభ ముగిశాక కార్యదర్శి గారిని కలవండి. తల్లిదండ్రులకు నా మనవి ఒక్కటే: పిల్లలు ఆ రెండు ఆటలూ ఓడి వస్తే స్కోరు అడగకండి, ఎదుటివాడు మీ వాణ్ణి ఎలా దాటాడో అడగండి. ఇక మలేషియా ఆటకు వెళ్లివచ్చిన తమ్ముళ్లు ముందు వరుసలోనే ఉన్నారు. నా మాటల్లో వారికి నచ్చనివి ఉండి ఉంటాయి. మైకు వారికి ఇస్తున్నాను.